నో బిడ్

కంపెనీ బయ్యరు బదిలీ మీద పోతూ
బ్యారన్ అరుగు మీద వదిలేసిన సంచీలో
ఏడు కర్రలు, పదకొండు బంతులు,
చెమటకు అట్ట ఉబ్బిన ఒక రూల్సు పుస్తకం.

అలా మొదలైంది టంగుటూరులో మా గోల్ఫు.
వేలం లేని ఆదివారాలు,
పొగాకు మోళ్ళు పీకేసిన మాలకొండయ్య చేలో
ఎండ చురుక్కుమనకముందే నలుగురం.

గుంట నాలుగుంబావు అంగుళాలే ఉండాలంది పుస్తకం.
మాలకొండయ్య పాత బ్యారన్ గొట్టం కోయించి తెచ్చి
తొమ్మిది చోట్ల పాతాడు.
"పుంజు దూరేటంత ఉందే" అన్నాడు రహంతుల్లా మేష్టారు.
"బంతి దూరితే చాల్లేవయ్యా, కొలతెవడిక్కావాలి!"
అది మేం మార్చిన మొదటి రూలు.

రెండోది నో బిడ్.
పొద్దున్నే మొదటి దెబ్బ ఎవడికి కుదురుద్ది?
నడుం పట్టేసుంటది, కళ్ళల్లో పుసులింకా పోయుండవు.
బంతి చిల్లచెట్లలోకి పోతే
నో బిడ్! అని మిగతా ముగ్గురం అరుస్తాం.
కొనేవాడు లేని బేలును వెనక్కి తెచ్చుకుని
మర్నాడు మళ్ళీ పెట్టుకోవచ్చుగా,
బంతికి ఆ పాటి న్యాయం లేదా?

మూడోది తగువు మీద నెగ్గింది.
పోయిన బంతి వెతకడానికి మూడు నిమిషాలేనంట.
దొరక్కపోతే ఒక దెబ్బ జుల్మానా,
పైగా కొట్టిన చోటికే వెనక్కి నడవాలంట,
ఆ నల్లరేగడిలో, మే నెలలో,
కాలు దిగబడే నెర్రెల మధ్య.
"ఒక తప్పుకు రెండు శిక్షలా?" అన్నాడు మేష్టారు.
మాలకొండయ్య మాత్రం మూడు నిమిషాల దగ్గరే ఆగిపోయాడు.
"ఏడాది కష్టం, నా బేలుకు
ఆరు సెకన్లలో రేటు కట్టి నడిచిపోయారు.
ఈ గుడ్డంత బంతికి మూడు నిమిషాలిచ్చారంటే
దొరలు దయగలోళ్ళేనయ్యా."
కాసేపు ఎవరం నవ్వలేదు. తర్వాత నవ్వాం.
నెర్రెలో పడితే పక్కనే ఇంకోటి పెట్టుకోవచ్చని
బేలు చీటీ వెనక నేనే రాశాను.

గేదె గిట్ట గుంటలో పడితే తీసి పెట్టుకోవచ్చు.
బంతిని తొక్కిన గేదె మాలకొండయ్యదైతే
దెబ్బ ఆయన లెక్కలో.
ఇలాంటివి అక్కడికక్కడే చేసుకున్నాం.

ఒక్క దాని దగ్గర మాత్రం నోరు రాలేదు.

ఏసోబు చేతులు వణుకుతాయి.
రెండేళ్ళుగా. ముందు కుడిది, ఇప్పుడు రెండూ.
ముప్పై ఏళ్ళు ఆకు గ్రేడింగు చేసిన చేతులు,
కరెంటు పోయిన గోడౌన్లో తడిమి
ఇది పైఆకు, ఇది అడుగాకు అని చెప్పిన వేళ్ళు.
సొంత తమ్ముడి మండెకైనా
ఒక గ్రేడు ఎక్కించని మనిషి.

కర్ర బంతి వెనక ఆనించేసరికి
గింజలేరే పిచ్చుక ముక్కులా అది టకటకమంటుంది.
బంతి జానెడు దొర్లుతుంది.
పుస్తకం ప్రకారం ఒక దెబ్బ.

మేం రూలు మార్చలేదు.
మార్చాలంటే దాని పేరెత్తాలిగా.
ఆయన వంతొచ్చినప్పుడు
మేష్టారు కళ్ళజోడు తుడుచుకుంటాడు,
మాలకొండయ్యకు హైవే మీద ఏదో లారీ కనపడుద్ది,
నేను పెన్సిలు చెక్కుకుంటాను.

పోయిన ఆదివారం ఐదో గుంట దగ్గర
ఏసోబు తలెత్తకుండానే అన్నాడు:
"సింగయ్యా, రాయి. ఒకటి."
"ఏంది?"
"కదిలింది. నేను చూశా. రాయి."
మరీ సన్నగా చెక్కిన పెన్సిలు, విరిగింది.
మేష్టారి పెన్ను అడుక్కుని రాశాను.

అప్పుడు కొట్టాడు. ఎంత బాగా కొట్టాడో!
బంతి కొంగలా లేచి, తీరిగ్గా దిగి,
గుంటకు పది బారల ఇవతల
రెండు గెంతులేసి నెర్రెలో మాయమైంది.
"పక్కనే పెట్టుకో ఏసోబూ, రూలుంది!"
"నో బిడ్! నో బిడ్!"
ముగ్గురం గొంతులు చించుకుంటున్నాం.

ఆయన అప్పటికే నెర్రె పక్కన మోకాళ్ళ మీద,
మోచేతి దాకా చెయ్యి నేలలోకి పెట్టి,
మూడు నిమిషాలు
పైకే లెక్కపెట్టుకుంటున్నాడు.